చీటీ లేని మొక్క

కడపలో ముప్పై మూడేళ్లు వృక్షశాస్త్రం చెప్పి 2012లో రిటైరయ్యాను. పాఠాలు ఆగినా, కాలేజీ హెర్బేరియం గది తాళంచెవి మాత్రం ఇంకొన్నేళ్లు నా కొంగుకే ఉండిపోయింది. నాలుగు ఇనుప బీరువాలు, కలరా ఉండల వాసన, అట్టలకు అతికించిన వెయ్యికి పైగా ఎండు మొక్కలు. మరుసటి ఏడు, నా దగ్గర చదువుకొని వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి సెలవుల్లో వచ్చింది. "మేడం, ఇవన్నీ ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడదాం. మన బీరువాలో ఏముందో బయట ఎవరికీ తెలీదు కదా" అంది.

అప్పటిదాకా నాకు జాతుల సమాచారమంటే గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, మా గురువుగారి నోట్సు, ఈ బీరువాలు. ఆ తర్వాత జీబిఫ్ ముందు రోజూ కూర్చోవడం అలవాటైంది. జీబిఫ్ 2001లో మొదలైంది. కార్యాలయం డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో ఉంది. మ్యూజియంలు, హెర్బేరియంలు, పక్షులు చూసేవాళ్లు ఎవరి దగ్గరున్న వివరాలు వాళ్లు పంపితే, అన్నీ ఒక్కచోట వెతుక్కోగలిగే ఏర్పాటు అది. 2022లో అందులోని నమోదులు 200 కోట్లు దాటాయి. అంత రాశిలో మా షీట్లు చారెడు గింజలు. ఆ చారెడు పంపడానికి పడిన పాట్లలో నేర్చుకున్నవి ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను.

1. మొక్క కన్నా చీటీ ముఖ్యం

హెర్బేరియం షీటుకు కింద కుడి మూలన ఒక చీటీ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవాళ్ల పేరు, ఎలాంటి నేల, పువ్వు ఏ రంగు. ఎండితే రంగు పోతుంది. ఆ రోజు చీటీలో రాయని రంగు ఇక ఎవరికీ తెలియదు.

మొదటి బీరువా తీసిన రోజే మా పరిస్థితి అర్థమైంది. చీటీలున్నాయి, చీటీల్లో సంగతి లేదు. ఒకదాని మీద "కొండ మీద", ఇంకోదాని మీద "వాగు దగ్గర". పిల్లలు అధ్యయన యాత్రల్లో కోసుకొచ్చిన కొన్నింటికి తేదీ కూడా లేదు. వాటి మధ్య నాది కూడా ఒకటి బయటపడింది. సెరోపీజియా తీగ. పువ్వు చిన్న లాంతరులా ఉంటుంది. ఎంతో శ్రద్ధగా పరిచి ఎండబెట్టాను. చీటీ మీద నా చేతిరాతే: "నల్లమల, 1983". నల్లమల ఎంత అడవి! ఆ అమ్మాయి కంప్యూటర్లో "స్థలం" అన్న గడి దగ్గర ఆగి నా వైపు చూసింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ షీటు పక్కన పెట్టేశాం.

చీటీలో చోటు రాసి ఉన్నా, అది ఎలాంటి చోటో ఆలోచించాలి. ఇందుకు మన సీమలోనే ఒక ఉదాహరణ ఉంది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త నీలంగా మెరిసే ఒక పెద్ద సాలీడును వర్ణించి పోయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. దొరికిన చోటు గుత్తి, రైల్వేవాళ్ల కలప నిలవచేసే స్థలం. ఆ తర్వాత నూరేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనిపించింది. అయితే అది గుత్తికి వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల గిద్దలూరుల మధ్య అడవిలో, చెట్ల తొర్రల్లో. దుంగలతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. చీటీ అబద్ధం ఆడలేదు. దొరికిన చోటు చెప్పింది. బతికే చోటు అది చెప్పలేకపోయింది. పటం మీద ఒక చుక్క కనిపించినప్పుడల్లా ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం నాకు గుర్తొస్తుంది. చేపల మార్కెట్లో చూసిన చేప, నర్సరీలో కొన్న మొక్క, పంజరంలోంచి తప్పించుకున్న చిలుక, ఇవి కూడా చుక్కలే అవుతాయి. నమోదు చేసేవాళ్లు ఆ మాట రాయకపోతే చూసేవాళ్లకు తెలిసే దారి లేదు.

2. ఊళ్లో పేరు అడగండి, రాయండి, కానీ దాంతోనే ఆగిపోవద్దు

పందికొక్కు మనకు తెలియందా? ఆ తెలుగు మాటే ఇంగ్లిషులోకి వెళ్లి బాండికూట్ అయింది. శాస్త్రవేత్తలు ఆ ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టారు. మధ్యలో ఎవరో ఆస్ట్రేలియాలో కాస్త అలాగే కనిపించిన ఒక పొట్టసంచి జంతువును కూడా బాండికూట్ అనేశారు. ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. డేటాబేస్‌లో బాండికూట్ అని కొడితే ముందు ఆస్ట్రేలియా జంతువులే వరసకట్టి వస్తాయి. మన మాట పెట్టుకొని వెతికితే మన ఎలుక కనిపించదు. బాండికోటా ఇండికా అని కొడితేనే వస్తుంది.

అందుకని ఊరి పేర్లు పనికిరావని కాదు. నేను ఈ విషయంలో మొండిదాన్ని. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రసెల్ 1796లో కోరమండల్ తీరపు పాముల మీద పుస్తకం అచ్చువేసినప్పుడు తెలుగు పేర్లను చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. ఆ పేర్లలోని "బంగారు పాము" నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అన్న పేరు వచ్చింది. సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బర్గ్ కూడా మొక్కల వర్ణనల్లో తెలుగు పేర్లు జాగ్రత్తగా ఎక్కించాడు. సోమిద చెట్టు ప్రజాతి పేరు సోయ్‌మిడా అని ఉందంటే అది మన సోమిదే. రెండు వందల ఏళ్ల కిందటి ఆ పుస్తకాలను ఇప్పుడు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఇంట్లో కూర్చొని పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. రాక్స్‌బర్గ్ కోరమండల్ మొక్కల బొమ్మలను మొదటిసారి తెరమీద పూర్తి రంగుల్లో చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. చదువుకునే రోజుల్లో ఆ సంపుటాలను మేము పేరుగా మాత్రమే విన్నాం.

మా జిల్లా కలివికోడి సంగతి తీసుకోండి. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోతే, అంతరించిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినప్పుడు ఆధారమైంది ఇక్కడి పిట్టలు పట్టేవాళ్ల తెలివిడే. పుస్తకాల్లో లేదనుకున్న పక్షి వాళ్ల రాత్రుల్లో ఉంది. కలివి పొదల మధ్య తిరిగే కోడి కాబట్టి కలివికోడి. ఉండే చోటు ఆ పేరులోనే ఉంది, అడగడమే ఆలస్యం.

ఒక హెచ్చరిక. బ్రహ్మదండి అంటే కొన్ని చోట్ల పసుపుపచ్చ పువ్వుల ఆర్జిమోన్, కొన్ని చోట్ల ముళ్ల బంతిలాంటి ఎకైనాప్స్. అందుకే ఊరి పేరు రాసేటప్పుడు ఏ ఊరో కూడా రాయాలి. చూసిన జీవుల ఫోటోలు పెట్టే ఐనాచురలిస్ట్‌లోనూ, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనూ తెలుగు పేర్లు చేర్చే వీలుంది. ఇంకా ఎన్నో జాతులకు ఆ గడి ఖాళీగా ఉంది. మీ నాయనమ్మ ఉండగానే అడిగి నింపండి.

3. ఇంటిపేరు మారితే మనిషి మారడు

లిన్నేయస్ 1753లో మొక్కలకు ఖాయం చేసిన రెండు మాటల పేరును తెలుగు పిల్లలకు చెప్పడం సులభం. మనకూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ప్రజాతి ఇంటిపేరు, జాతి సొంత పేరు. దత్తత పోతే ఇంటిపేరు మారుతుంది, పిల్లవాడు వాడే. ఈ ఒక్క పోలికతో క్లాసులో సగం భయం పోయేది.

నల్లతుమ్మను లిన్నేయస్ మిమోసా నిలోటికా అన్నాడు. తర్వాత అకేసియా నిలోటికా అయింది. గాంబుల్ పుస్తకంలో అకేసియా అరాబికా అని ఉంటుంది. ఇప్పుడు డేటాబేస్‌లు వాచెలియా నిలోటికా అంటున్నాయి. కారణం ఉంది. పాత అకేసియా ప్రజాతిని విడగొట్టాల్సి వచ్చింది. ఆ పేరు ఎవరికి దక్కాలన్న వాదన 2005లో వియన్నాలో, 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశాల దాకా వెళ్లింది. చివరకు వెయ్యి దాకా జాతులున్న ఆస్ట్రేలియా బృందానికి పేరు మిగిలింది. మన తుమ్మ వాచెలియా అయింది, సండ్ర సెనగేలియా అయింది. అప్పుడు నాకు కష్టంగానే అనిపించింది. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన పేరది.

ఈమధ్య జరిగిన మార్పు మాత్రం నాకు నచ్చింది. దసరాకు మనం పూజించే జమ్మి ప్రోసోపిస్ సినరేరియా. చెరువు గట్లను మింగేస్తున్న సర్కారు తుమ్మ కూడా నిన్నమొన్నటిదాకా ప్రోసోపిస్సే, ప్రోసోపిస్ జూలిఫ్లోరా. 2022లో ఆ ప్రజాతిని విడదీసినప్పుడు సర్కారు తుమ్మ నెల్టుమా అన్న ఇంటికి వెళ్లింది. జమ్మి పాత ఇంట్లోనే ఉంది. రెండూ దగ్గరి చుట్టాలు కావని రైతుకు ముందే తెలుసు.

పాత పేరు కొట్టినా కొత్త పేరు దగ్గరికి చేర్చడం మంచి డేటాబేస్ లక్షణం. క్యూ ఉద్యానంవాళ్ల ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ ఆ పని బాగా చేస్తుంది. కానీ అందరూ ఒకే పేరును ఒప్పుకుంటారని అనుకోవద్దు. ఒకరు రెండు జాతులన్నది ఇంకొకరు ఒకటే అంటారు. అందుకే పేరు రాసిన ప్రతిచోటా ఏ డేటాబేస్, ఏ తేదీన చూశారు అన్నది కూడా రాయండి. మేము పని మొదలుపెట్టినప్పుడు ది ప్లాంట్ లిస్ట్ అనే జాబితాను పట్టుకున్నాం. 2013 తర్వాత దాన్ని సవరించడం ఆపేశారన్న సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. రెండేళ్ల పని మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. తేదీలు వేసి ఉంచాం కాబట్టి ఎక్కడినుంచి చూడాలో తెలిసింది.

షీటు మీద ఉన్న పాత పేరును మాత్రం తుడిచేయకండి. కొత్త పేరుకు వేరే గడి ఉంది.

4. ఏ సరుకుకు ఏ అంగడి

ఇది క్లుప్తంగా చెప్తాను. చేపలకు ఫిష్‌బేస్. సముద్ర జీవులకు వోర్మ్స్. శైవలాలకు ఆల్గేబేస్. పక్షుల రాకపోకలకు ఈబర్డ్. అన్ని జీవుల పేర్లు ఒక్కచోట కావాలంటే కేటలాగ్ ఆఫ్ లైఫ్, 20 లక్షలకు పైగా జాతులున్నాయి. మొక్క పేరు ఎవరు, ఎప్పుడు, ఏ పుస్తకంలో మొదట అచ్చువేశారో ఐపీఎన్ఐ చెబుతుంది. అయితే అది పుట్టిన తేదీ పత్రం వంటిది. ఆ పేరు ఇప్పుడు చెల్లుతుందా అన్నది దాన్ని అడగకూడదు. జీబిఫ్ ఎవరెవరో పంపిన సరుకును ఒక్కచోట పేర్చి చూపిస్తుంది కాబట్టి తప్పు కనిపిస్తే మొదట పంపినవాళ్లకే తెలియజేయాలి. దించుకున్న ప్రతి సమాచారానికీ అది ఒక శాశ్వత సంఖ్య ఇస్తుంది. మీ వ్యాసంలో ఆ సంఖ్య వేయండి. ఎండలో తిరిగి సేకరించినవాళ్లకు లెక్క అందేది అలాగే.

5. తంగేడు మంచు దీవికి వెళ్లిన రోజు

మా మొదటి విడత షీట్ల పటం తయారైనప్పుడు తంగేడు చుక్క ఒకటి కడపలో లేదు. వెతికితే ఉత్తర ధ్రువం దగ్గర, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో కనిపించింది. కడప అక్షాంశం సుమారు 14.5, రేఖాంశం 78.8. రెండూ తారుమారుగా కొడితే సరిగ్గా ఆ మంచు మీద పడతాం. ఎండను తాగి బతికే తంగేడు అక్కడ ఏం చేస్తుంది?

అంత దూరం పోయిన చుక్క మేలే, కంటికి కనిపిస్తుంది. కనిపించని తప్పు ఇంకా ప్రమాదం. పాత టోపో షీట్లలో 14 డిగ్రీల 30 నిమిషాలు అని ఉంటుంది. దాన్ని 14.30 అని కొట్టేస్తారు. నిమిషాలను అరవైతో భాగించాలి కాబట్టి అది 14.5 కావాలి. ఆ చిన్న తేడాకు చుక్క 22 కిలోమీటర్లు జరుగుతుంది. ఒక కొండ మీద మొక్క పక్క తాలూకా చేలో పడుతుంది. పటం చూసినవాళ్లకు అనుమానం రాదు. రెండు గడులూ ఖాళీగా వదిలేస్తే కొన్ని ప్రోగ్రాములు సున్నా, సున్నా అని నింపేస్తాయి. అప్పుడు మన మొక్క ఆఫ్రికాకు పడమర సముద్రంలో తేలుతుంది.

అంకెలు కొట్టినవాళ్లే పటం చూడాలి. ఆ రోజే చూడాలి. మేము అప్పటినుంచి ప్రతి సాయంత్రం లేచే ముందు ఆనాటి చుక్కలన్నీ పటం మీద వేసి చూసేవాళ్లం.

6. ఫైకస్ అంటే మర్రి, రావి, మేడి. ఫైకస్ అంటే ఒక సముద్రపు నత్త కూడా. మోరస్ అంటే మల్బరీ, మోరస్ అంటే చేపలు పట్టే ఒక తెల్లని సముద్రపు పక్షి కూడా. మొక్కల పేర్ల నియమావళి వేరు, జంతువులది వేరు కాబట్టి ఒకే మాట రెండు చోట్లా చెల్లుతుంది. పేరుతో పాటు కుటుంబం, రాజ్యం గడులు కూడా నింపండి. యంత్రానికి మర్రికీ నత్తకూ తేడా చెప్పేది ఆ గడులే.

7. ఫోన్ చెప్పింది ఊహ, మీరు చెప్పాల్సింది చూసింది

ఇప్పటి పిల్లలు ఫోటో తీయగానే ఫోనే పేరు చెబుతుంది. 2008లో బర్క్‌లీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఐనాచురలిస్ట్ ఈ పనిలో ఎంతో దూరం వచ్చింది. దానివల్ల మొక్కల వైపు చూడని పిల్లలు కూడా చూస్తున్నారు. అది నాకు చాలా సంతోషం.

కానీ ఒక అబ్బాయి మా వీధి చివర నిటారుగా పెరిగిన నరమామిడిని ఫోటో తీసి అశోక అని పెట్టాడు. ఊళ్లో అందరూ దాన్ని అశోకే అంటారు. వాడి స్నేహితులిద్దరు "అవును" అని నొక్కారు. ఆ వేదికలో తేదీ, చోటు, ఫోటో ఉండి, గుర్తించినవాళ్లలో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువమంది ఒక్కమాట మీద ఉంటే పరిశోధన స్థాయి నమోదు అవుతుంది. అక్కడినుంచి జీబిఫ్‌కు చేరుతుంది. అసలు అశోక, సరాకా అశోకా, నారింజ ఎరుపు పూలగుత్తుల చెట్టు. దాని బెరడు మందుల్లో వాడతారు. ఆ బెరడు పేరుతో నరమామిడి బెరడు అమ్ముడుపోతోంది కూడా. ముగ్గురు కుర్రాళ్ల స్నేహం ఒక తప్పును శాస్త్రం గదిలోకి పంపించింది.

వాణ్ని కోప్పడలేదు. ఇంటికి పిలిచి రెండు కొమ్మలు పక్కపక్కన పెట్టాను. నరమామిడికి ఒక్కో చోట ఒక్కో ఆకే. అశోకలో ఒకే ఈనెకు జతలు జతలుగా పత్రకాలు. "అరె, ఇంత తేడానా టీచర్!" అన్నాడు. తర్వాత వాడే వెళ్లి దిద్దాడు.

ఎవరి గుర్తింపుతోనైనా ఏకీభవించే ముందు మీ అంతట మీరు ఒక లక్షణమైనా చూసి ఉండాలి. ఆకు అమరిక, ఈనె, కాయ, ఏదో ఒకటి. ప్రజాతి వరకే తెలిస్తే ప్రజాతి దగ్గరే ఆపండి. గడ్డిజాతుల ముందు నేను ఈనాటికీ చాలాసార్లు అక్కడే ఆగుతాను. ఫోటో తీసేటప్పుడు పువ్వు ఒక్కటే తీసి వచ్చేస్తారు. ఆకు అడుగుభాగం, కాండం, మొక్క మొత్తం కూడా తీయండి.

8. కాకిని కూడా రాయాలి

పటం మీద ఖాళీ చూసి "అక్కడ ఏమీ లేదు" అనడం నేను చూసిన తప్పులన్నింటిలోకీ పెద్దది. చుక్కలు ఎక్కడున్నాయో జాగ్రత్తగా చూడండి. రోడ్ల వెంబడి, నగరాల చుట్టూ, చెరువు కట్టల మీద. హైదరాబాద్ చుట్టూ చుక్కలు చీమల్లా కమ్ముకుంటాయి. పాలకొండల వెనక లోయల్లో పటం తెల్లగా ఉంటుంది. పక్షులు, మొక్కలు అక్కడ లేక కాదు, చూసే మనిషి వెళ్లలేదు.

ఈబర్డ్ దీనికి ఒక మంచి పద్ధతి పెట్టింది. చూసిన పక్షులన్నీ రాశారా లేదా అని అడుగుతుంది. అన్నీ రాశానంటే, జాబితాలో లేనిది ఆ పూట కనిపించలేదని లెక్క. అప్పుడే "లేదు" అన్న మాటకు విలువ. అరుదైన పిట్ట ఒక్కటి రాసి, కాకిని, గోరింకను, పావురాన్ని వదిలేసినవాళ్ల జాబితాతో ఆ లెక్క కుదరదు.

కాకుల్ని, గోరింకల్ని రాసిన ఆ ఓపిక వల్ల ఏం తెలిసిందో చూడండి. పిచ్చుక అంతరించిపోతోందని మనమంతా అనుకున్నాం. 2020 నాటి భారత పక్షుల స్థితి నివేదిక, పెద్ద నగరాల్లో తగ్గినా దేశం మొత్తం మీద పిచ్చుక నిలకడగానే ఉందని చెప్పింది. ఎవరూ దిగులు పడని పాలపిట్ట సంగతి వేరుగా తేలింది. 30,000 మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలతో 942 జాతులను అంచనా వేసిన 2023 నివేదిక, పాలపిట్ట తగ్గుతోందని, దాని పరిరక్షణ స్థాయిని మళ్లీ పరిశీలించాలని సూచించిన 14 జాతుల్లో దాన్ని చేర్చింది. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు చూడాలని ఊరి బయటికి వెళ్లేవాళ్లం. మా చిన్నప్పుడు వెతకాల్సిన పని ఉండేది కాదు, ప్రతి తీగమీదా ఉండేది. నా మాట జ్ఞాపకం మాత్రమే. వాళ్ల జాబితాలు రుజువు. 1960లలో మా పొలం గట్టు మీద ఎవరైనా ఇలా రాసి పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

9. కొన్ని చోట్లు దాచాలి

చీటీలో చోటు తప్పక రాయాలన్నాను. ఇప్పుడు దాచమంటున్నాను. రెండూ అవసరమే. రాసుకోవడం వేరు, అందరికీ చూపించడం వేరు.

శేషాచలం, పాలకొండల్లో సైకస్ బెడ్డోమీ అనే మొక్క ఉంది. పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. మన కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలో అది ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక సభలో దాని గురించి మాట్లాడుతూ ఉత్సాహంలో దారి పటంతో సహా తెరమీద చూపించాను. ఏ గుడి దాటాలి, ఏ బండ దగ్గర తిరగాలి, అన్నీ. రెండేళ్ల తర్వాత పిల్లలను తీసుకొని వెళ్తే మగ మొక్కల శంకువులు కోసేసి ఉన్నాయి. కొన్ని మొదళ్లు నరికి ఉన్నాయి. ఎవరు చేశారో తెలీదు. నా మాటవల్లే జరిగిందనడానికి ఆధారమూ లేదు. అయినా ఆ బండ మీద కూర్చొని ఏడ్చాను. ఆ తర్వాత ఏ సభలోనూ పటం చూపించలేదు.

గుత్తి సాలీడును పెంచుకోవడానికి కొనేవాళ్లు విదేశాల్లో ఉన్నారు. ఎర్రచందనం సంగతి మన జిల్లాల్లో చెప్పాల్సిన పనిలేదు. ఐనాచురలిస్ట్ ప్రమాదంలో ఉన్న జాతుల చోటును దానంతటదే మసకబరచి, సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది. అసలు చోటు లోపల భద్రంగా ఉంటుంది. కానీ మీరు వివరణలో "ఫలానా కోన గుడి వెనక" అని రాస్తే ఆ కాపలా అంతా వృథా. అదే ఫోటోను ఇంకోచోట పెడితే అందులో ఫోన్ దాచిన అక్షాంశ రేఖాంశాలు కూడా వెళ్లిపోవచ్చు. పెట్టే ముందు తీసేయండి.

10. పాత చీటీ చింపకండి

పొలం గట్ల మీద పెరిగే నేల ఉసిరిని ఇరవై ఏళ్లు ఫిలాంథస్ నిరూరి అని చెప్పాను. పుస్తకాల్లో అలాగే ఉంది, మా షీట్ల మీదా అలాగే ఉంది. ఫోటోలు పెట్టిన కొన్ని నెలలకు, ఎక్కడో దూరదేశంలో ఆ కుటుంబం మీద పనిచేసే ఒకాయన చూసి మర్యాదగా రాశారు. నిరూరి అమెరికా ఖండాల మొక్క, మీ షీట్లలో ఉన్నది ఫిలాంథస్ అమారస్ అని. భూతద్దం తీసి మళ్లీ చూశాను. ఆయన మాట నిజం. ఎంతమంది పిల్లలకు తప్పు పేరు చెప్పి పంపించానో అని మనసు చాలా కష్టపడింది. బీరువాలోనే ఉండి ఉంటే ఆ తప్పు నాతోనే పోయేది.

హెర్బేరియంలో తప్పు దిద్దే పద్ధతి ఉంది. పాత చీటీ పీకకూడదు. కొత్త పేరు, దిద్దినవాళ్ల పేరు, తేదీ రాసి ఇంకో చీటీ దాని పైన ఖాళీలో అతికించాలి. ఒక్కో పాత షీటు మీద నాలుగైదు చీటీలుంటాయి. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో మొత్తం కనిపిస్తుంది. మంచి డేటాబేస్‌లోనూ అంతే, గుర్తింపుల చరిత్ర మిగిలి ఉంటుంది. మా నేల ఉసిరి షీట్లన్నిటి మీదా ఇప్పుడు రెండేసి చీటీలున్నాయి. రెండిటి మీదా నా సంతకమే.

ఆ సెరోపీజియా షీటు సంగతి చెప్పడం మరిచాను. ఇల్లు మారేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలో 1983 నాటి నోటుపుస్తకం దొరికింది. సెప్టెంబరు 18, ఆదివారం. "దిగువమెట్ట స్టేషన్లో దిగి పడమరగా. వాగు దాటి ఎడమ చేతికి పశువుల దారి." నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవే అది. ఆ సాలీడు దొరికిన అడవి. అమ్మాయికి ఫోన్ చేస్తే ఆ వారాంతానికే వచ్చింది. పటం తెరిచి స్టేషన్ దగ్గర వేలు పెట్టి, వాగు వెంబడి జరుపుకుంటూ వెళ్లాం. వాగులు రెండున్నాయి. ఏ వాగో నాకు గుర్తు రాలేదు. అనిశ్చితి ఎన్ని మీటర్లు అన్న గడి దగ్గర ఆమె ఆగింది.

"నాలుగు వేలు వెయ్యి" అన్నాను.

"మరీ ఎక్కువ కదా మేడం. వెయ్యి పెడదామా?"

"రెండు వాగులూ అందులో పడాలి తల్లీ."

4,000 అని కొట్టింది. కింద పువ్వు రంగు అన్న గడి ఉంది. షీటు మీది పువ్వు ఎప్పుడో మట్టిరంగుకు తిరిగిపోయింది. పుస్తకంలో పెన్సిలుతో ఉంది: "లేత ఆకుపచ్చ. లోపలి అంచు ముదురు ఊదా." ఆమె ఒక్కో అక్షరం చూసుకుంటూ ఎక్కించింది.